ముత్యాలసరం ఆగే చోటు

ఛందస్సు సంకెళ్లనీ, భావకవిత్వం వాటిని తెంచేసిందనీ ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. తెంచలేదు, వదులు చేసింది. మనసు ఊపిరి పీల్చుకునేంత చోటిచ్చింది. ముత్యాలసరమే చూడండి. మూడు పాదాలు ఒకే నడకన సాగుతాయి, నాలుగోది మధ్యలోనే ఆగిపోతుంది. చెప్పలేని దుఃఖమంతా ఆ ఆగిన చోట ఉంటుంది. అమ్మ పోయాక ఆమె మీద రాయడానికి అందుకే దాన్ని ఎంచుకున్నాను.

సూరత్‌లో, బమ్రోలిలో మా గది. కింద సాంచాల కార్ఖానా. ఆ మరమగ్గాలు నడిపీ నడిపీ మా బాపు ముసలివాడయ్యాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఆయన నోట మాట లేదు, కూతురిని గుర్తుపట్టిన జాడా లేదు. ఒక్కసారి 'బిడ్డా' అంటే చాలనుకునేదాన్ని. పద్యం వింటే కదులుతాడేమోనని, కరెంటు సెలవు నాడు, కింద చప్పుళ్లన్నీ ఆగిన మధ్యాహ్నం, ఆయన ఎదురుగా కూర్చొని చదివాను.

మొదటి పాదానికి ఆయన బొటనవేలు నేల మీద ఆడింది. రెండో పాదానికి మోకాలు కదిలింది. నా పద్యం నడక, సాంచా నడక ఒకటేనని అప్పుడు తెలిసింది. పుట్టకముందు నుంచీ విన్న చప్పుడది. ఛందస్సును నేనే ఎంచుకున్నానని ఎంత మురిసిపోయానో!

నాలుగో పాదం మధ్యలో ఆగాను. బాపు దిగ్గున లేచాడు. పోగు తెగితేనే సాంచా అట్లా ఆగుతుంది. ఆయన నేరుగా నా మీదికి వచ్చి, నా గొంతు ముందు గాలిలో ఏదో వెతికాడు. దొరికినట్టుంది. రెండు కొసలు పట్టి, వేళ్లతో మెలిపెట్టి ముడి వేశాడు. ఆ చేతుల్లో ఏమీ లేదు. అయినా నా మెడ దగ్గర ఏదో బిగిసినట్టయి భయమేసింది.

"బాపూ, నేనే, నీ బిడ్డను," అన్నాను.

"జర పక్కకు జరుగమ్మా, మాల్ ఖరాబైతది," అన్నాడు పరాయివాళ్లతో అన్నట్టు. తర్వాత తల ఊపాడు. "అతికిన. ఇగ నడిపియ్యి."

ఇన్నాళ్లకు వచ్చిన మాట నాకోసం రాలేదు. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, కళ్లలో ఒకటే కంగారు. చేసేదేమీ లేక మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను. ఈసారి ఏవేవో మాటలు కూరి నాలుగో పాదాన్ని నిండుగా చదివాను, ఎక్కడా ఆగలేదు. బాపు నెమ్మదించి కూర్చున్నాడు. అమ్మ కోసం నేను వదిలిన చోటు లేకుండా పోయింది.