గచ్చు బిళ్ళ మీద వేలిముద్ర

మా గుడి మండపంలో ఒక రాతి దూలం మీద బొటనవేలంత సున్నపు గచ్చు బిళ్ళ ఒకటి ఉండేది. పదకొండేళ్ళ కిందట ఆ దూలం విరిగిపడింది. దాంతోపాటే బిళ్ళా పడింది. దాని బరువు మాత్రం నా మీదే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో దించుకోవాలని ఒక్కసారైనా నిజంగా అనుకున్నానా? ఏమో, చెప్పలేను. ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

నేను పూజారిని. జమ్మలమడుగుకు దగ్గర్లో, పెన్న ఒడ్డున ఒక ఊళ్ళో ఈశ్వరుడి గుడి మాది. ఊరి పేరు రాయను. గుడి మొత్తం రాయే. స్తంభాలు, వాటి మీద దూలాలు, దూలాల మీద పరిచిన బండలు. ఎక్కడా ఇనుప ముక్క లేదు. ఒకదాని బరువు ఒకటి మోసుకుంటూ అన్ని వందల ఏళ్ళు నిలబడింది. ఆ దూలాల కింద పుట్టి పెరిగిన నాకు, అవి పడతాయన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు.

అసలు నేను పూజారిని కావలసినవాణ్ణి కాదు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివి, ఏదో ఒక ఆఫీసులో గుమస్తాగా చేరదామని తిరుగుతుండగా నాన్న పోయాడు. ఆయన దగ్గర నిత్యపూజ వరకు నేర్చుకున్నాను. అంతకు మించి రాదు. పులివెందులలో మా పెదనాన్న కొడుకు ఉన్నాడు, ఆగమం పద్ధతిగా చదువుకున్నవాడు. గుడి ఆయనకే ఇస్తారని అందరూ అనుకున్నారు. ఊరి పెద్దలు నన్ను కూర్చోబెట్టి, అన్నీ వచ్చునా అని అడిగారు. వచ్చు అన్నాను. మెల్లగా నేర్చుకుంటాలే అనుకున్నాను. నేర్చుకోలేదు. పొద్దున ఒక పూజ, సాయంత్రం ఒక పూజ, మధ్యలో నిద్ర. అదీ నా పాండిత్యం.

నాలుగేళ్ళు గడిచాయి. ఆ ఏడు వానలకు మండపం కారడం మొదలైంది. పైకప్పు సందుల్లో రావి మొక్క వేరు దిగింది. ఎర్రగుంట్ల నుంచి ఓబులేసును పిలిపించారు. రాతిపనిలో చుట్టుపక్కల అతనంతటి మనిషి లేడు. యాభై దాటినా నిచ్చెన మీద పిల్లిలా నడిచేవాడు. ఏ గుడికి రాయి తెచ్చినా ముందు అతని చేత తట్టించేవారు. చిన్న సుత్తితో ఒక దెబ్బ వేసి, తల వాల్చి వినేవాడు. మంచి రాయి గంటలా మోగుతుంది. లోపల దెబ్బతిన్నది మూగగా పలుకుతుంది.

గర్భగుడి వాకిలి ముందున్న దూలాన్ని తట్టి, అతను మళ్ళీ ఇంకోచోట తట్టాడు. దూలం మధ్యలో వెంట్రుకంత నెర్రె ఉంది. పైన కప్పంతా నీళ్ళు తాగి ఉండడంతో పలుకు సరిగ్గా తెలియడం లేదన్నాడు.

"ఈ నెర్రె బతికుండాదో సచ్చిందో సూడల్ల సామీ. ఎప్పుడో పడి ఆగిపోయింటే భయం ల్యా, పూడ్చేస్తా. ఇంకా పెరుగుతాంటే మాత్రం దూలమే మార్చల్ల" అన్నాడు.

దూలం కింద రెండు దుంగలు ఊతం పెట్టాడు. సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు కలిపి గచ్చు చేసి, నెర్రెకు అడ్డంగా చిన్న బిళ్ళ వేశాడు. అది పచ్చిగా ఉండగానే బొటనవేలితో గట్టిగా అదిమాడు. వేలిముద్ర పడింది. అది అతని గుర్తు. రాయి కదలనంత కాలం ఆ బిళ్ళ కదలదు. రాయి పిసరంత కదిలినా బిళ్ళ పుటుక్కున చిట్లుతుంది. మండలం, అంటే నలభై రోజులు చూడాలి. రోజూ తలుపు తీసేవాణ్ణి నేనే కాబట్టి, చూడవలసిందీ నేనే.

"పగిలితే కబురు పంపు సామీ. ఆ పొద్దు నుంచే సామిని బాలాలయంలో పెట్టి, గుడి మూసేయల్ల" అని చెప్పి వెళ్ళాడు.

బాలాలయం అంటే పని జరిగినన్నాళ్ళూ స్వామిని ఉంచే చిన్న గుడి. రేకుల పందిరైనా చాలు. లింగాన్ని పెకలించి తీసుకుపోరు. అందులోని శక్తిని మంత్రంతో కలశంలోని నీళ్ళలోకి దించి, ఆ కలశాన్ని తీసుకుపోతారు. కళాకర్షణ అంటారు దాన్ని. పూజారి చేయవలసిన పని. నాకు రాని పని. అన్నీ వచ్చు అన్నవాడికి రాని పని.

తొమ్మిదో రోజు పొద్దున హారతి వెలుగులో తలెత్తి చూశాను. బిళ్ళ మీద, సరిగ్గా వేలిముద్ర మధ్యలోంచి, సన్నటి గీత.

హారతి పళ్ళెం కింద పెట్టాను. కబురు పంపితే ఏమవుతుంది? పులివెందుల నుంచి మా అన్న వస్తాడు. కలశం ముందు కూర్చుంటాడు. నీకు రాదా అని ఊరు నన్ను అడుగుతుంది. నాన్న కాలంలో లేని నెర్రె ఇప్పుడెందుకు వచ్చిందని కూడా అడుగుతుంది. ఇవన్నీ ఆలోచించాను. దూలం గురించి ఆలోచించలేదు. ఇన్నేళ్ళు పడనిది ఇప్పుడు పడుతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఓబులేసు మిగిల్చిన సున్నం మూలన కుండలో, తడి గోనె కింద ఉంది. నిచ్చెనెక్కి పాత బిళ్ళ గీకేసి కొత్తది వేశాను. నా బొటనవేలితో అదిమాను. ఆరాక దీపం మసి కొంచెం రాశాను, తెల్లగా కనబడకూడదని. ఆ మసి రాసిన చేత్తోనే తీర్థం ఇచ్చాను. భయంలో చేశానని చెప్పుకుందామంటే, ఆ మసి ఒప్పుకోవడం లేదు. భయపడినవాడికి అంత నేర్పు ఎక్కడిది?

పంతొమ్మిదో రోజు మళ్ళీ పగిలింది. మళ్ళీ వేశాను. ముప్పై మూడో రోజు మళ్ళీ. అప్పటికి చెయ్యి అలవాటు పడింది. ఆ రోజుల్లో గుడిలో ఒంటరిగా ఉన్నప్పుడు, పైన ఎవరో పళ్ళు నూరినట్టు చిన్న శబ్దం వినిపించేది. మంత్రం గట్టిగా చదివేవాణ్ణి.

నలభై ఒకటో రోజు పదింటికి ఓబులేసు వచ్చాడు. నిచ్చెనెక్కి బిళ్ళ తడిమాడు. వేలిముద్ర చూసి తలాడించాడు. కిందికి దిగి నా ముఖంలోకి చూశాడు.

"ఒగ దినమన్నా పగిలిందా సామీ?"

"లేదప్పా. నువ్వు పెట్టింది పెట్టినట్లే ఉండాది."

"అయితే నెర్రె సచ్చింది. శానా మంచి మాట సెప్తివి. నువ్వు ఆ వాకిట్లోకి జరుగు, నేను ఊతం తీస్తా."

అందరినీ బయటికి పంపాడు. ఊతం తీసేటప్పుడు తీసేవాడు తప్ప ఇంకెవరూ దూలం కింద ఉండకూడదని అతని నియమం. నేను గర్భగుడి వాకిట్లో నిలబడ్డాను. మొదటి దుంగ తీశాడు. ఏమీ కాలేదు. ఆగు అన్న మాట గొంతు దాకా వచ్చింది. దూలం నిలబడుతుందిలే, మొదటి దుంగ తీస్తే పడలేదు కదా అని దాన్ని మింగేశాను. అతను రెండో దుంగను సుత్తితో ఒక దెబ్బ కొట్టి జరిపాడు.

దూలం పెద్దగా శబ్దం చేయలేదు. దుమ్ము లేచింది. ఆ తర్వాతే అరుపు వినిపించింది. దుమ్ము తగ్గాక చూస్తే అతను బతికే ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా రాతి కింద ఉంది.

జనం రాయి ఎత్తుతుండగా నేనేం చేశానో తెలుసా? రాళ్ళలో వెతికి ఆ బిళ్ళ ముక్క తీసుకుని నడుముకు దోపుకున్నాను.

ఆ చెయ్యి తీసేశారు. ఊరంతా ఒకటే మాట. నెర్రె చచ్చిపోయిన దూలాన్ని ఓబులేసే మోటుగా కొట్టి విరగ్గొట్టాడని. అడుగు దూరంలో ఉన్న పూజారికి గీత కూడా పడలేదంటే స్వామి మహిమ అని. నా కాళ్ళకు మొక్కారు. పులివెందుల నుంచి మా అన్న రానే వచ్చాడు. ఇంత అరిష్టం జరిగాక పెద్దవాడే చేయాలని కళాకర్షణ ఆయనే చేశాడు. నీకు వచ్చునా అని నన్ను ఒక్కరూ అడగలేదు. ఏ ప్రశ్నకు భయపడి ఒక మనిషి చెయ్యి పోగొట్టానో, ఆ ప్రశ్న అసలు ఎవరి నోటా రాలేదు. ఆయన పక్కన కూర్చుని అదంతా నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు బాగా వచ్చు.

ఓబులేసు మళ్ళీ పనికి పోలేదు. ఒంటిచేత్తోనైనా నలుగురికి చెప్పి చేయించవచ్చు కదా అంటే వినలేదు. దేవుడి దూలం విరగ్గొట్టిన పాపం తనదేనని అతను నమ్మాడు. ప్రతి కార్తీకంలో ఎర్రగుంట్ల నుంచి బస్సులో వస్తాడు. గడప దాటడు. బయట ఎండలో కూర్చుంటాడు. విభూతి నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఎడమచేత్తో తీసుకుంటాడు. ప్రతిసారీ అదే అడుగుతాడు, బిళ్ళ పగల్లేదు కదా అని. ప్రతిసారీ లేదంటాను.

ఇప్పుడు ఇది ఎందుకు రాస్తున్నాను? మండపంలో రెండో దూలానికి నెర్రె వచ్చింది. ఎవరో కొత్త మేస్త్రి బిళ్ళ వేసి, మిగిలిన సున్నం కుండలో ఉంచి వెళ్ళాడు. చూడవలసింది మళ్ళీ నేనే. పోయిన శుక్రవారం అది పగిలింది. ఈసారి దాచడానికి నాకు ఏ కారణమూ లేదు. అయినా నా బొటనవేలు సున్నం కుండ వైపు వెళ్ళింది. దాన్ని చూసి వెనక్కి లాక్కున్నాను. పరుగెత్తుకెళ్ళి పెద్దలకు చెప్పాను. మండపం మూశారు. ఓబులేసు ఒక్కసారి తట్టి చూస్తే బాగుండునని కబురు పంపారు. నిన్న వచ్చాడు. గడప బయటే నిలబడిపోయాడు.

"నా చెయ్యి ఈ గుడికి అచ్చిరాల్యా సామీ. సచ్చిన నెర్రె దూలాన్ని ఇరగ్గొట్టినోన్ని. నన్ను లోపలికి పిలవగాకండి" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "ఆ పొద్దు బిళ్ళ యాడన్నా సన్నంగా పగిలింటే, నీ కంటికి ఆనలేదేమో?"

పదకొండేళ్ళలో మొదటిసారి, నాకు సగం దారి అతనే ఎదురొచ్చాడు. చూపు ఆనలేదేమో అంటే చాలు, అతని పాపం సగం తీరిపోయేది. అప్పుడు కూడా లేదన్నాను. అతను తల వంచుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆ ముక్క విభూతి పెట్టెలో అడుగున ఉంది. ఇది రాస్తూ పక్కన పెట్టుకున్నాను. రాశాక గుండె కొంచెం తేలికైంది. అందుకు సిగ్గుగానూ ఉంది, చెయ్యి పోయింది అతనిది కదా.

పగిలింది, ఓబులేసప్పా. మూడుసార్లు పగిలింది. నువ్వు తడిమి చూసిన వేలిముద్ర నీది కాదు, నాది.