వసారాలో మంచం

యాభై నాలుగో ఏట పక్క మీద నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. బందరులో ముప్ఫై ఏళ్ళు పిల్లల చెవులు మెలిపెట్టి లెక్కలు నేర్పినవాణ్ణి. నా మాట వినని వస్తువు ఒకటుంటుందని అంతవరకూ తెలియదు. నా భార్య ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే నాకు అవమానమనిపించింది.

పెరటి చెట్టు మందుకు రాదంటారు. నా భయం అది కాదు. మా వీధి వైద్యుడి అరుగు మీద సగం ఊరు కూర్చుంటుంది. అంచేత బంధువుల ఇంట్లో శుభకార్యమని అబద్ధమాడి, రైలెక్కి గుడివాడ వెళ్ళాను. అక్కడి వైద్యుడు నాడి చూసి, మధుమేహమన్నాడు. ఆ జబ్బుతో పాటు ఈ బాధ కూడా చాలామందికి వస్తుందట.

"ఇది జబ్బేనండీ, తప్పు కాదు. ముందు ఇంట్లో అమ్మగారితో చెప్పండి," అన్నాడు.

చెబుదామనే వచ్చాను. వచ్చేసరికి, పురిటికొచ్చిన మా అమ్మాయి మగపిల్లవాణ్ణి కని ఉంది. నాకు దారి దొరికింది. మనవడు పుట్టాక కూడా ఆలుమగలు ఒక గదిలో పడుకుంటే మా వైపు నలుగురూ నవ్వుతారు. తాతనయ్యాను, నా మంచం వీధి వసారాలో వేయించమన్నాను. నా భార్య నా ముఖం ఒకసారి చూసి, వెళ్ళి పక్క వేసింది. చుట్టపక్కాలు నన్ను ఋషి అన్నారు. సిగ్గులేకుండా ఒప్పుకున్నాను.

ఆ వసారాలో పన్నెండేళ్ళు పడుకున్నాను. మునుపు మధ్యాహ్నాలు నా పక్కన కూర్చుని తమలపాకులు చుట్టి ఇచ్చేది. అదీ మానేసింది. ఆమెకే నేను అక్కర్లేదనుకుని కోపం కూడా తెచ్చుకున్నాను. కొడుకూ కోడలూ పిల్లలూ, ఇంటినిండా జనం, నన్ను తాకే మనిషి మాత్రం ఒక్కరూ లేరు.

కిందటి శ్రావణంలో ఆమె జ్వరంతో మంచాన పడింది. ఒక మధ్యాహ్నం జావ తాగిద్దామని పక్కన కూర్చుంటే గోడకేసి ముడుచుకుపోయింది.

"నా ఒళ్ళంటే మీకు రోత కదా, ఇప్పుడెందుకండీ ఇంత దగ్గర?" అంది.

పన్నెండేళ్ళూ ఆమె అలా అనుకుంటూ బతికింది. జావ గిన్నె కింద పెట్టాను. తరువాత నా జబ్బు, గుడివాడ ప్రయాణం, వైద్యుడి మాట, అన్నీ చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆమె అంతా విని కళ్ళు మూసుకుంది.

"అందుకని పక్కన కూర్చోవడం కూడా మానేయాలాండీ?" అంది.

తిట్టినా బాగుండేది. కాస్త జరిగి నాకు చోటిచ్చింది. కోడలు చూస్తుందని తెలిసీ తలుపు తీసి ఉండగానే పడుకున్నాను. ఆ తరువాత ఆమె బతికింది ఎనిమిది రోజులు.