గాల్లో నిలబడిన ముసుగోడు

ఆ రోజుల్లో మాకు కరువు ఎంత అలవాటైపోయిందంటే, వాన రాకపోతే ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు, వస్తేనే ఊరంతా కంగారుపడేది. కుందుర్పి దగ్గర పల్లె మాది. అలాంటి చోట పుట్టినవాడు పదే పదే చచ్చి మళ్లీ మొదటికి వచ్చే ఆటకు అతుక్కుపోవడంలో వింతేముందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, నేను తొమ్మిదో తరగతి ముగించిన ఆ ఎండాకాలం మాత్రం మా ఇంట్లో అందరూ నాకు గాలి సోకిందనే అనుకున్నారు. ఆ గాలి బళ్లారి నుంచి వచ్చింది. మా మేనమామ కొడుకు, నాకంటే కాస్త పెద్దవాడు, సెలవులకు వస్తూ సంచిలో ఒక టీవీ గేమ్ సెట్టు తెచ్చాడు. దాంతో ఒకే ఒక్క క్యాసెట్టు. అందులో నల్ల ముసుగు వేసుకున్న నింజా ఒకడు కత్తి పట్టుకుని గోడలు ఎక్కుతాడు, గుంతలు దూకుతాడు, ఎక్కువసార్లు ఆ గుంతల్లో పడి చస్తాడు. బావ రెండు రోజులు ఆడి, చేతిలోని మీటల పెట్టె విసిరికొట్టి, ఊరికి పోతూ పోతూ నన్ను రెచ్చగొట్టి పోయాడు. "బళ్లారిలోనే ఎవురూ దీన్ని ముగించల్యా, ఇంక నువ్వెంతప్పా! బడి తెరిచే ముందర వస్తా. ఆ లోపల ముగించినావంటే సెట్టు నీదే. అవ్వ సూసినా అని చెప్పల్ల, అప్పుడే నమ్మేది" అన్నాడు. (నా మాట మీద వాడికి నమ్మకం లేదు. మా అవ్వ మాత్రం దేవుడి ఎదుట కూడా అబద్ధమాడదని రెండు కుటుంబాలకూ తెలుసు.)

ఆ గేమ్ తయారు చేసిన మహానుభావుడెవరో గానీ, పిల్లలంటే ఆయనకు గిట్టదు. కత్తివాణ్ణి దాటితే కుక్క, కుక్కను దాటితే పైనుంచి గద్ద. సరిగ్గా గుంత మీద గాల్లో ఉన్నప్పుడే ఆ గద్ద వచ్చి గుండెల మీద తన్నేది. చస్తే మళ్లీ వెనక్కి, ఇంకొన్నిసార్లు చస్తే మొత్తం మొదటికి. ఆడినంత వరకూ దాచిపెట్టుకునే వసతి అందులో లేదు, కరెంటు పోయిందంటే అంతా బూడిదే. మరి ఎందుకు ఆడావయ్యా అంటే, చెప్తాను. మా ఊరికి బస్సు వేళకు రాదు, కరెంటు వేళకు రాదు, వాన సంగతి సరేసరి. నాకు తెలిసినంతలో వేళకు వచ్చేది ఆ గద్ద ఒక్కటే! ఎన్నిసార్లు ఆడినా అదే గుంత మీద, అదే క్షణంలో వచ్చేది. కాబట్టి నేను చచ్చానంటే తప్పు నాదే, నా బొటనవేలిదే. తప్పు మనదైతే దిద్దుకోవచ్చు కదా! ఆ ఆశే నన్ను చాప మీద నుంచి లేవనివ్వలేదు. బొటనవేలు కాయకాచింది. నిద్రలో కూడా దూకుతున్నానని అమ్మ పక్క దూరంగా వేసుకుంది.

సాక్షి కదా, అవ్వ నా వెనకే గోడకు ఆనుకుని కూర్చుని శెనక్కాయలు వలుస్తూ చూసేది. విత్తనానికని తెచ్చిన కాయలవి. వాన పడుతుందో పడదో తెలియదు, అయినా ప్రతి ఏడూ వలవాల్సిందే. మొదట్లో అవ్వకు ఆట అర్థం కాలేదు. అర్థమయ్యాక నాకంటే ఎక్కువ బాధపడసాగింది. నింజాకు ముసుగోడు అని పేరు పెట్టుకుంది. వాడు గుంతలో పడినప్పుడల్లా చేతిలో కాయ వదిలేసి, "ఎన్నిసార్లు సస్తాడ్రా వీడు? వాళ్లమ్మకు ఎవురన్నా చెప్పినారా?" అని అడిగేది. అన్నానికి పిలిచినప్పుడు నేను నడిమి మీట నొక్కి ఆట నిలిపి లేచేవాణ్ణి, తిని వచ్చి మళ్లీ అదే మీట నొక్కేవాణ్ణి. ముసుగోడికి మాత్రం తినడానికి విరామం లేదేమని అవ్వకు నా మీద కోపం. నాయనేమో ఎండిపోయిన చేను చూసుకుని వచ్చి, వాకిట్లో నిలబడి కాసేపు తెర వైపు చూసి, "మళ్లా మొదట్నించా?" అని అడిగి లోపలికి పోయేవాడు. ఆ అడగడంలో ఎగతాళి ఉండేది కాదు. వరసగా ఏళ్ల తరబడి పెట్టిన పంట చేతికి రాకపోయినా విత్తనం వలిపిస్తున్న మనిషి ఎగతాళి ఏం చేస్తాడు.

మర్నాడు బావ వస్తాడనగా, ఆ పొద్దున నేను చివరి కోటలో అడుగుపెట్టాను. ఎండాకాలమంతా చూడని చోటు అది. మెట్లన్నీ ఎక్కి, మిగిలిన ఒకే ఒక్క ప్రాణంతో ఆఖరి రాక్షసుడి ముందున్న పెద్ద గుంత మీదికి దూకానో లేదో, బయట ఊరంతా ఒక్కసారి అరిచింది. నడిమి మీట నొక్కి బయటికి ఉరికాను. వాన! మృగశిర కార్తె మొదటి వాన, పదునుకు సరిపోయేంత వాన. మా నేలలో ఆ తడి నిలిచేది ఎంతసేపు? అది ఆరేలోగా విత్తనం పడాలి. వాన తెరపి ఇవ్వగానే నాయన ఎద్దులకు విత్తే గొర్రు కట్టి, "రేయ్, ఇత్తనం మూట ఎత్తుకో" అన్నాడు. ఆ గొంతు విని ఎదురు చెప్పగలిగేవాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు. నేను ముసుగోణ్ణి అలాగే గాల్లో వదిలి, "అవ్వా, దీన్ని ఎవురినీ తాకనియ్యొద్దు, నేనొచ్చేదాంక వీడు ఇట్లే ఉండల్ల" అని మొత్తుకుని చేనికి పరిగెత్తాను. సాళ్ల వెంట విత్తనం మోస్తున్నానన్న మాటే గానీ నా చూపంతా కరెంటు స్తంభం మీదే. మబ్బును చూస్తేనే పోయే మా కరెంటు ఆ రోజు, ఎవరి పుణ్యమో, పోలేదు. చేనంతా విత్తి, మోకాళ్ల దాకా బురదతో పొద్దుగూకే వేళకు ఇంటికి వచ్చేసరికి టీవీ వెలుగుతూనే ఉంది. తెర మీద మాత్రం ముసుగోడు లేడు. ఆట ముగిసిందన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

అవ్వ ముఖం చిన్నబోయి ఉంది. "పొద్దన్నించి గాల్లోనే ఏలాడతాండాడు రా. కత్తి గూడా దించల్యా. కాళ్లు లాగవా పాపం? మీరంతా సేనికి పోయి అలిసిపోయి వస్తారు, వీడన్నా దిగి రోంతసేపు కూచ్చోనీలే అని నువ్వొత్తే మీటే ఒత్తితి" అంది. నా వెనక నాయన, "దిగినాడా?" అని అడిగాడు. అవ్వ నిట్టూర్చి, "దిగినాడు గానీ, కింద నేల ల్యాకపాయె" అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాయన బురద కాళ్లతో గడప మీద కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను ఎన్నేళ్లుగానో చూడలేదు, అందుకని ఏడవడానికి మనసు రాలేదు. చేతులు కూడా కడుక్కోకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అప్పుడు పోయింది కరెంటు.

మర్నాడు బావ వచ్చి సాక్షిని అడిగాడు. అవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది, తన తప్పుతో సహా. సెట్టు బళ్లారి బస్సెక్కింది. "నువ్వన్నా వాన్ని గాల్లో నిలపొద్దబ్బా" అని అవ్వ వాడికి అప్పగింతలు కూడా పెట్టింది. ఆ ఏడు మొలకలు బాగానే వచ్చాయి, తర్వాత వాన మొహం చాటేసింది. మరుసటి ఎండాకాలం అవ్వ మళ్లీ కాయలు వలిచింది.

హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక గదిలోకి కంప్యూటర్ కొనుక్కుంటే, అదే ఆట అందులో దొరికింది. ఈసారి ఎక్కడికక్కడ దాచుకునే వసతి ఉంది. నేను ఆ వసతిని ముట్టలేదు. (పౌరుషం.) ఒక ఆదివారం పొద్దున కూర్చుని, మధ్యాహ్నం దాటాక ఆ గుంత దాటి, రాక్షసుణ్ణి కొట్టి, ముసుగోణ్ణి బయటపడేశాను. కొండ మీద నిలబడి వాడు సూర్యుణ్ణి చూశాడు, అంతే. పరుగున ఊరికి ఫోన్ చేసి అవ్వకు ఇమ్మన్నాను. అప్పటికి ఆమెకు చెవులు సరిగా వినిపించేవి కావు. "అవ్వా, ముసుగోడు దిగినాడు. నేల మీదనే" అని అరిచాను. ఎవరని అడుగుతుందేమో, మరిచిపోయిందేమో అనుకున్నాను.

"అమ్మయ్య. వాడు బువ్వ తిన్నాడా?" అంది.

తిన్నాడని చెప్పి ఫోన్ పెట్టేశాక, పొద్దున్నుంచి నేనూ ఏమీ తినలేదని గుర్తొచ్చింది.