మాట తప్పిన పక్షికి ఒక నియమం

మా అమ్మాయి ఆటలో ఒక జాతి కోసం మొదటి చిత్తుప్రతిలో నలభై ఒక్క నియమాలు రాశాను. అన్నీ 'కూడదు'తో ముగిసేవే. చిత్తడి నేలల్లో బతికే పక్షిమనుషులు ఎండిన చేపను ముట్టకూడదు. పరాయి గూటిలోని గుడ్డు మీద కూర్చోకూడదు. తొలివాన పడిన రోజున ఈకలు దువ్వుకోకూడదు. ఈ నియమాలకు ముందు వంశావళి కూడా పెట్టాను. మొదటి పక్షిమనిషి ఎవరిని కన్నాడు, వాడు ఎవరిని కన్నాడు, అలా పదకొండు తరాలు.

మా అమ్మాయి ఆ కాగితాలు వంటగది గట్టు మీద పెట్టి, నిలబడే చదివింది.

"నాన్నా, వీళ్ళు ఏం చెయ్యకూడదో తెలిసింది. ఏం చెయ్యగలరు మరి?"

"నీతిగా బతుకుతరు."

"అరె యార్. ఇది ఆడుకునే జాతి కాదు, స్కూల్ అసెంబ్లీ. వీళ్ళలో ఒకడిగా ఆడమంటే నా ఫ్రెండ్స్ పారిపోతారు."

ఆ మాటకు నవ్వు రావాలని నాకు తెలుసు. రాలేదు. అయినా ఆమె నాతో అన్ని మాటలు ఒకేసారి మాట్లాడి నాలుగు నెలలు దాటింది.

ఆ నాలుగు నెలల సంగతి ముందే చెప్పాలి. మా చర్చి సంఘంలో ఏటా కొత్త సంవత్సరపు ఆరాధన చివర వాగ్దాన కార్డులు తీస్తాం. పళ్ళెంలో కార్డులు బోర్లించి ఉంటాయి. ఒక్కొక్కరం ఒక్కోటి తీసుకుంటాం. కార్డు మీద ఉన్న వాక్యం ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట అని నమ్ముతాం. ఈ ఏడు నాకు దీర్ఘాయువు గురించిన వాక్యం వచ్చింది. వానలు మొదలయ్యేసరికి నా భార్య మా గనుల ఊరు బచేలి ఆస్పత్రిలో ఉంది. అమ్మాయి భిలాయిలో కోచింగ్‌కు వెళ్ళాల్సిన రోజులవి. వెళ్ళనని మొండికేసింది. వార్డు బయట బెంచీ మీద ఆమెను కూర్చోబెట్టి, "అమ్మకు ఏం గాదు, దేవుడు మాటిచ్చిండు, నువ్వు పో," అన్నాను. ఇరవై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకు చెప్పిన గొంతుతోనే అన్నాను. ఆమె నమ్మి వెళ్ళింది. ఆరో రోజున అమ్మ మీద మట్టి వేయడానికి తిరిగి వచ్చింది.

నన్ను ఒక్క మాట అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేది. "అన్నం పెట్టాను", "గ్యాస్ అయిపోయింది", "తాళం వేశావా", ఇంతే. ఆదివారం నాతో సంఘానికి రావడం మానేసింది. నేను వెళుతూనే ఉన్నాను. పాటలు పాడుతున్నాను, ప్రార్థనలో వంతు వస్తే చేస్తున్నాను. నోరు దాని పని అది చేసుకుపోతోంది. వర్క్‌షాపులో బోల్టులు బిగించే చెయ్యి కూడా అంతే. నాకు కావలసింది ఒక్కటే, ఆమె నాతో మాట్లాడాలి. దానికోసం ఏడవమన్నా ఏడుపు వచ్చేది కాదు.

అలాంటప్పుడు ఒక సాయంత్రం ఆమే వచ్చి అడిగింది. "నాన్నా, మీ ఊళ్ళో నీళ్ళ దగ్గర ఏం పిట్టలుండేవి?"

ఆమె, ఇద్దరు స్నేహితులు శనివారాల్లో మా క్వార్టర్ ముందుగదిలో ఒక ఆట ఆడతారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు ఆ కథలో ఎవరో ఒకరవుతారు. ఏ పనైనా తలపెడితే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే చెడుతుంది. కథ నడిపేది మా అమ్మాయే. ఆ కథ ఇప్పుడొక చిత్తడి దేశంలోకి వచ్చింది. అక్కడ పక్షిమనుషులు ఉండాలి, ఆటగాళ్ళు కోరుకుంటే వాళ్ళలో ఒకరుగా ఆడగలగాలి. ఆమె బచేలిలో పుట్టింది. మా వాగులో పారేది ఎర్రనీళ్ళు, కొండ మీది ఇనుపమన్ను కడిగిన నీళ్ళు. బురదపిట్టల గురించి ఆమెకేం తెలుస్తుంది? నేను గొల్లపల్లి వైపు చెరువుల కింది పొలాల్లో పెరిగినవాణ్ణి.

పాచిక అనగానే మొదట నాకు మనసొప్పలేదు. "సిలువ కింద సైనికులు ప్రభువు బట్టల కోసం చేసిన పని అది," అన్నాను.

"మరి పళ్ళెంలో కార్డు తీయడం ఏంటి?" అంది. గొంతు పెంచలేదు. కాగితాలు తీసుకుని రాయడానికి కూర్చున్నాను. అలా వచ్చినవే ఆ నలభై ఒక్క నియమాలు.

రెండోసారి నియమాలు పక్కన పెట్టి, చూసినవి రాశాను. తామరాకుల మీద నడిచే ఒక పిట్ట ఉండేది. కాలివేళ్ళు జానెడు పొడుగు. ఆకు మునగదు, పిట్ట మునగదు. కాబట్టి మా పక్షిమనుషులు ఎంత బురదలోనైనా దిగబడకుండా పరుగెత్తగలరు. నీళ్ళకు రెండు రోజులు దూరమైతే మాత్రం నీరసించిపోతారు. ఆ పిట్టల్లో గుడ్లు పొదిగేది, పిల్లల్ని సాకేది మగదే. ఒకసారి దానికి ఎనిమిది కాళ్ళున్నాయని భయపడి మా నాయనను పిలుచుకొచ్చాను. రెక్క కింద మూడు పిల్లల్ని ఇరికించుకుని నడుస్తోంది. పిల్లల కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి.

"ఇది నిజమా?" అంది అమ్మాయి.

"నా కళ్ళతోటి చూసిన."

"పెట్టు. సూపర్ ఉంది. రెక్క కింద ఒకరిని దాచుకుని నడవొచ్చు, కానీ అప్పుడు ఎగరలేరు." పెన్నుతో ఆమే రాసింది.

నాకు ధైర్యం వచ్చింది. మూడో శక్తిగా ఇది రాశాను: ఈ జాతి పెద్దలకు ముంపు ముందుగా తెలుస్తుంది. ప్రయాణానికి ఒక్కసారి, తోడున్నవాడితో 'ఈ నీళ్ళలో నువ్వు చావవు' అని మాట ఇవ్వగలరు. ఆ మాట విన్నవాడు భయం లేకుండా ముందుకు దూకుతాడు, వాడి పాచికకు ఐదు కలుస్తుంది.

రాస్తున్నప్పుడు నాకేమీ తట్టలేదు. ఇది మంచి శక్తి అనే అనుకున్నాను.

ఆమె చదివింది. కాగితం మడిచి మళ్ళీ విప్పింది.

"ఆ తర్వాత వాడు చచ్చిపోతే?"

"చావడు గదా. మాటిచ్చిండు గదా."

"పాచిక ఉంది నాన్నా. ఒకటి పడితే ఐదు కలిపినా ఆరే. చచ్చిపోతాడు. అప్పుడేంటి? నియమం రాయాలి. నియమం లేకపోతే ఆట ఆగిపోతుంది." కాగితం నా ముందు పెట్టి స్నానానికి వెళ్ళింది.

దానికి నాకు తెలిసిన నియమం ఒకటుంది. దేవుడు చెప్పని మాటను ఆయన పేరు మీద చెప్పిన ప్రవక్తకు ధర్మశాస్త్రంలో శిక్ష ఏమిటో సండే స్కూల్లో ఎన్నోసార్లు చెప్పాను. మరణం. చెప్పిన ప్రతిసారీ, అది ఇంకెవరి గురించో అనే అనుకున్నాను. దీర్ఘాయువు అంటే నిత్యజీవమని మా పాస్టరుగారు నాకు తర్వాత వివరించారు. ఆ వివరణ సరైనదే, నేను ఒప్పుకున్నాను. దేవుడు మాట తప్పాడని ఒక్క పూట కూడా అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. కార్డు మీద నా భార్య పేరు లేదు. దాన్ని చేర్చింది నేను. బెంచీ మీద కూర్చుని, నా పిల్ల కళ్ళలోకి చూస్తూ చేర్చాను.

మరునాడు డ్యూటీ నుంచి వచ్చి రాశాను: మాట తప్పిన పక్షికి ఈకలు రాలిపోతాయి.

"అది శిక్ష," అంది. "వాడి ఈకలు రాలితే మాకేంటి?"

ఇంకోటి రాశాను: మాట ఇచ్చే శక్తి పోతుంది.

"అదీ శిక్షే. విని నమ్మినవాళ్ళు అక్కడే నిలబడి ఉన్నారు కదా, వాళ్ళకేంటి?"

మూడో రోజు శుక్రవారం. తెల్లారితే ఆట. ఆమె కుర్చీలో కూర్చుని ఫోన్‌లో మిగతా జాతి వివరాలు ఎక్కిస్తోంది. నేను రాసినదాన్ని ఆమెకు ఇవ్వకుండా పైకి చదివాను.

"మాట ఇచ్చిన పక్షి, ఆ మాట నమ్మినవాళ్ళ ఎదుటికి వెళ్ళి నిలబడాలి. ఏమవుతుందో నాకు తెలియకుండానే చెప్పానని వాళ్ళతో అనాలి. అనేదాకా ఆ గుంపులో ఎవరూ ఎగరలేరు."

ఆమె ఫోన్ మీద నుంచి తలెత్తలేదు. "దీనికి పాచిక ఎంత పడాలి?"

"పాచిక లేదు. పాచిక ఉంటే తప్పించుకుంటడు."

ఆమె ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది.

"అను మరి."

నేను లేచి నిలబడ్డాను. నియమం అలాగే రాశాను కాబట్టి.

"ఏమైతదో నాకు తెల్వకుండనే చెప్పిన బిడ్డా. దేవుడు చెప్పిండని చెప్పిన. ఆయన చెప్పలె. నిన్ను పొమ్మన్నది నేనే."

అన్నాక గుండె కరుగుతుందని, ఏదో దిగిపోతుందని సంఘంలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఎందరో అనగా విన్నాను. నాకు అలాంటిదేమీ జరగలేదు. కూర్చోవచ్చో లేదో తెలియక అలాగే నిలబడ్డాను.

"అమ్మ చివరి రోజు నేను ఫోన్ కూడా చెయ్యలేదు," అంది. "టెస్ట్ ఉండింది. ఏం కాదన్నావు కదా, రేపు చేద్దాంలే అనుకున్నా."

"ఊ."

"ఊ అనకు."

"సరే."

ఆమె ఏడవలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, నియమం కింద తన చేతిరాతతో ఒక వాక్యం చేర్చింది. నాకు చూపించింది. 'విన్నవాళ్ళు అప్పుడే జవాబు చెప్పనక్కర్లేదు. ఎన్ని ఆటల తర్వాతైనా చెప్పొచ్చు.'

"సరిపోతుందా?" అంది.

"న్యాయంగనే ఉంది," అన్నాను.

"కూర్చో."

కూర్చున్నాను. ఆమె ఆ నియమాన్నీ తన వాక్యాన్నీ ఫోన్‌లోకి ఎక్కించింది, తప్పులు దిద్దింది. తర్వాత మొదటి నుంచి అంతా ఒకసారి చూసి, మొహం చిట్లించింది.

"వంశావళి పదకొండు తరాలు రాశావు. ముక్కు ఎలా ఉంటుందో రాయలేదేంటి?"

"ఏ పిట్టది? మా దిక్కు నత్తలు తినే కొంగ ఒకటుంటది. దాని ముక్కు మూసినా నడుమ సందు ఉంటది."

"సందా? ఎందుకు?"

"పుట్టినప్పుడు ఉండదు. పెద్దయితుంటే వస్తది. ఇట్ల చూడు," అని రెండు వేళ్ళు కలిపి చూపించాను. ఆమె కుర్చీ ఇటు జరుపుకుంది.