పిలిచేదాకా కూర్చున్న బెంచీ

శనివారం ఆఖరి పీరియడ్ నాది. టైం టేబుల్‌లో దాని పేరు 'జీవన నైపుణ్యాలు'. మహబూబ్‌నగర్‌లో నేను కెమిస్ట్రీ చెప్పే జూనియర్ కాలేజీలో ఆ పీరియడ్ అందరూ వద్దంటే తెచ్చి నా నెత్తిన పెట్టారు. డిగ్రీకి పోయాక పిల్లలు నిలదొక్కుకోవాలంటే మార్కులొక్కటే చాలవట. ధైర్యం, ఓపిక, నోరు తెరిచి అడగడం, నలుగురితో కలవడం కూడా నేర్పాలట. నేర్పమనడం తేలికే. సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడితే నాకు ఒక్క మాటా తోచదు. నా మీద నాకే చిరాకొస్తుంది. డిగ్రీ మొదటి ఏడు నాతో ఒకే మంచం మీద పడుకున్న పిల్ల గుర్తొస్తుంది. మా ఇద్దరిలో కాలేజీకి తయారై వచ్చింది ఎవరో నాకింకా అంతు చిక్కలేదు.

మాది మోత్కూర్ దగ్గర ఊరు. నాయిన చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పోయేవాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాను. అక్కడ లేవడానికి గంట, తినడానికి గంట. ఏ పుస్తకం ఎప్పుడు తెరవాలో కూడా గంటే చెప్పేది. పిలవనిదే ఆఫీసు గడప తొక్కకూడదు. పెద్దసార్లెవరైనా వచ్చి లేపితే చేతులు కట్టుకుని పేరు, గ్రూపు, హాల్‌టికెట్ నంబరు గడగడా అప్పజెప్పాలి. నేను అన్నీ తు.చ. తప్పకుండా చేశాను. మార్కులు బాగా వచ్చాయి, బుద్ధిమంతురాలన్న పేరూ వచ్చింది.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే మహబూబ్‌నగర్‌లో డిగ్రీ సీటు దొరికింది. హాస్టల్‌లో జాగా ఇస్తేనే చదువు, లేకుంటే ఇంటికి తిరిగి రావాల్సిందేనని నాయిన ముందే చెప్పాడు. ఆఫీసు గుమాస్తా నా కాగితాలు తీసుకుని, బయట బెంచీ మీద కూర్చో, పిలుస్తానన్నాడు. కూర్చున్నాను. మర్నాడూ వచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాను. నా వెనకొచ్చినవాళ్లు నేరుగా లోపలికి పోయి పని చేయించుకుని వస్తున్నారు. వాళ్లను ఎప్పుడు పిలిచారో నాకు అర్థం కాలేదు. సాయంత్రానికి హాస్టల్ నిండిపోయిందని తలుపు మీద కాగితం అంటించారు. నాకు ఏడుపు ఆగలేదు.

నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల పక్కన కూర్చుని ఏమైందని అడిగింది. అంతా విని, నా చెయ్యి పట్టుకుని ప్రిన్సిపాల్ మేడం గదిలోకి లాక్కుపోయింది. ఏం కావాలమ్మా అని మేడం నన్నే అడిగారు. నేను చేతులు కట్టుకుని పేరు, గ్రూపు, హాల్‌టికెట్ నంబరు చెప్పాను. మేడం కళ్లజోడు తీసి నావైపు చూశారు. ఇక ఆ పిల్లే మాట్లాడింది.

"హాస్టల్ల జాగా లేకుంటే నా మంచంల సగమిస్త మేడం. ఇద్దరం సర్దుకుంటం."

అట్లా నా చదువు నిలిచింది.

ఆమె నోటికి తాళం ఉండేది కాదు. నీళ్లు రాకపోతే వార్డెన్‌తో లడాయి, ఎవరికైనా బస్‌పాస్ ఆగితే డిపో దాకా పరుగు. పుస్తకం ముందు మాత్రం కుదురుగా కూర్చునేది కాదు. నేనేమో గంట కొట్టేవాళ్లు లేక బిక్కచచ్చి, పాత గంటల ప్రకారమే ఒక్కదాన్నే చదువుకునేదాన్ని. క్లాసుకు రమ్మంటే, ఏం ఫికర్ చేస్తవే, జర ఆగు అనేది. చివరికి ఆమె హాజరు తగ్గింది, పరీక్షకు కూర్చోనిచ్చేది లేదన్నారు. అందరి కోసం అడిగిన మనిషి తన కోసం మాత్రం మేడం గదివైపు పోలేదు. ఎందుకని అడిగితే పెట్టె తీసి బట్టలు సర్దుకుంది. నాకేమీ పాలుపోలేదు.

ఆ పొద్దున నేను బెంచీ దాటి లోపలికి పోయాను. చేతులు కట్టుకోలేదు. వాటినేం చేయాలో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాను. ఆమెను పరీక్ష రాయనివ్వండి, పక్కన కూర్చోబెట్టుకుని నేను చదివిస్తానన్నాను. మాటలు ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. మేడం ఓపిగ్గా విన్నారు. గడువు దాటిందని, ఆ పిల్ల తానే వచ్చి ముందుగా చెప్పుకుంటే ఏదైనా చేసేదాన్నని అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆమె గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉంది. మేడం దగ్గరికి పోయానని, పని కాలేదని చెప్పాను. కాలేదన్నది ఆమె పట్టించుకోనే లేదు.

"లోపటికి నిన్నెవలు పిలిచిండ్రే?"

"ఎవలు పిలువలే. నేనే పోయిన."

ఆమె నవ్వింది. నవ్వుతూనే చున్నీతో కళ్లు తుడుచుకుని బస్సెక్కింది.

హాస్టల్‌లో మంచమంతా నాకే మిగిలింది. ఆ ఏడు అయిపోయేదాకా నేను గోడవైపు సగంలోనే పడుకున్నాను.