బేరంలో పోయిన సరస్సు

వానలు మొదలైతే టాటానగర్ బిష్టుపూర్ బజారులోని మా దుకాణంలో సూట్‌కేసులకు చెమ్మ పడుతుంది. రెగ్జిన్ వాసన, నాఫ్తలిన్ ఉండల వాసన, గడప దగ్గర పరిచిన తడి గోనెపట్టా వాసన కలిసి ముక్కుకు తగలగానే నాకు ఆఫ్రికా గుర్తొస్తుంది. నవ్వకండి. నేను ఆఫ్రికాతో బేరమాడి నెగ్గినదాన్ని. ఇరవై ఏళ్లుగా జనానికి సింహాలను అమ్ముకు బతుకుతున్న కోల్‌కతా ట్రావెల్ ఏజెంటు ఫోన్లో గంటసేపు నాతో పెనుగులాడి, చివరకు "బస్ దీదీ, ఇక వదిలేయండి" అని బతిమాలాడు. ఎంటెబే అనే ఊళ్లో, సరస్సు ఒడ్డున ఒక రాత్రి బస తీసేయించి, ఇద్దరికీ కలిపి పంతొమ్మిది వేలు తగ్గించాను. అంత తెలివైన పని నా జన్మలో మరొకటి చేయలేదు. అంత చెడ్డ పనీ చేయలేదు.

ఆ డబ్బు నాది కాదు, నరసమ్మత్తది. ఆ రాత్రి కూడా ఆవిడదే. ఆ ప్రయాణం మొత్తంలో ఆవిడకు కావలసింది ఆ సరస్సు ఒక్కటే. ఆ సంగతి నాకు తెలియదు.

నరసమ్మత్త మాకు చుట్టం కాదు. మా నాన్న స్టీలు సామాన్ల కొట్టు పక్కనే ఆవిడ పెట్టెల దుకాణం. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి ఇక్కడికొచ్చింది. భర్త రోలింగ్ మిల్లులో ఫిట్టరు. మూడేళ్ల కాంట్రాక్టు మీద ఆఫ్రికా వెళ్లి, పదకొండో నెలలో జ్వరంతో పోయాడు. మనిషి తిరిగి రాలేదు, అతని ఇనపపెట్టె వచ్చింది. దానితోపాటు వచ్చిన కాస్త డబ్బు పెట్టి ఆవిడ పెట్టెల దుకాణమే తెరిచింది. ఎందుకని ఎవరైనా అడిగితే "పెట్టె కాక నాకింకేటి వచ్చిందే?" అనేది. ఆఫ్రికాలో ఏ ఊరని మాలో ఒక్కరూ అడగలేదు. మా దృష్టిలో ఆఫ్రికా అంటే ఒకటే ఊరు, టాటానగర్ తర్వాత వచ్చే స్టేషన్ లాగా.

నాన్న కొట్టు మూతపడ్డాక ఆవిడ దగ్గర పనికి చేరాను. కొట్ల మధ్య పెరిగినదాన్ని, బేరం నాకు ఉగ్గుపాలతో వచ్చిందని పొగరు. మొదటి వారంలోనే ఆవిడ దాన్ని దించింది. సాక్చీలో టోకు వ్యాపారి గోదాముకు తీసుకెళ్లినప్పుడు, నీలం ట్రాలీ పెట్టెలు చూసి "అత్తా, ఇవి ఎంత బాగున్నాయో!" అన్నాను. ఆవిడ నా చెయ్యి గిల్లి, ఎదురుగా ఉన్న ఎర్ర పెట్టెల జిప్పులు లాగి చూడటం మొదలుపెట్టింది. అరగంట ఎర్ర పెట్టెల మీద పోట్లాడింది. వద్దని విసుక్కుని బయటికి నడుస్తూ, దారిలో ఉన్న నీలం పెట్టెను కాలితో జరిపి "యే కచరా కిత్నే కా?" అంది, ఈ చెత్త ఎంతకిస్తావన్నట్టు. సగం ధరకు పాతిక పెట్టెలు బండెక్కాయి.

"ఒలే సుజాతా, నీకు కావలసిన సరుకేపు సూడకే," అంది రిక్షాలో. "అమ్మీవోడు నీ పర్సు సూడడు, నీ కళ్ళు సూత్తాడు."

"మరి ఎదుటివాళ్లకు ఏది కావాలో మనకెలా తెలుస్తుంది?"

"ఏటేపు సూడట్లేదో, అదే కావాల ఆళ్ళకి."

పదహారేళ్లు ఆ ఒక్క సూత్రం మీద నేను సరుకు అమ్మాను. కొనేవాళ్ల కళ్లు తప్పించుకున్న పెట్టెనే కిందికి దించి ముందు పెట్టేదాన్ని. ఆవిడ కళ్లు దేన్ని తప్పించుకుంటున్నాయో మాత్రం ఒక్కసారీ చూడలేదు.

అరవై దాటాక ఒకరోజు ఉన్నట్టుండి "ఏనుగుల్ని సూడాలనుందే. ఆఫ్రికా ఎల్దాం. నాకు ఇంగిలీసు రాదు, నీ టికెట్టు కూడా నేనే పెడతాను," అంది.

"ఏనుగులకు ఆఫ్రికా దాకా ఎందుకత్తా? దాల్మా కొండెక్కితే బోలెడు. ఆటోలో పోయొద్దాం."

"ఇయ్యి సిన్నయి," అంది మొహం చిట్లించి.

ఏనుగుల కోసం ఆవిడ ఎన్నడూ దాల్మా కూడా ఎక్కలేదు. అప్పుడే నాకు అర్థం కావలసింది. ఏజెంటు పంపిన కాగితంలో మొదటి రాత్రి ఎంటెబే, తర్వాతి రెండు రాత్రులు దేశ రాజధాని కంపాలా, ఆ తర్వాత ఆరు రోజులు ఉత్తరాన అడవి. ఆవిడ కాగితాన్ని మడిచి, ఏనుగుల బొమ్మ పైకి వచ్చేలా గల్లాపెట్టె మీద పెట్టుకుంది. మొదటి వరుస మడతలోకి పోయింది.

పంతొమ్మిది వేల విజయం మోసుకుని నేను దుకాణంలోకి వచ్చినప్పుడు ఆవిడ పెట్టెల దుమ్ము తుడుస్తోంది.

"ఆ చెరువు దగ్గర రాత్రి తీయించేశానత్తా. దోమలు తప్ప ఏముందక్కడ? దిగగానే సీదా కంపాలా!"

గుడ్డ ఆగింది. "తీయించీసినావా?"

"పంతొమ్మిది వేలు!"

"బాగుంది," అంది. "గట్టిదానివే." తుడిచిన పెట్టెనే మళ్లీ తుడిచింది. మెచ్చుకుందనుకుని నేను ఆ పూట టీతోపాటు సమోసాలు కూడా తెప్పించాను.

విమానం ఎంటెబే మీద దిగుతుంటే కిటికీ నిండా నీళ్లే. ఆవిడ నుదురు అద్దానికి ఆనించి చాలాసేపు ఉండిపోయింది.

"సముద్రమా?"

"సరస్సత్తా."

"ఊఁ. సముద్రంలాగే ఉంటాదని రాసినాడు." ఆ పైన నాకేసి తిరక్కుండానే చెప్పింది. "మీ మావని ఈ ఊళ్లోనే కాల్చినారంట. బూడిద ఈ నీళ్లలో కలిపీసినారంట. మన సువర్ణరేఖ యేటి నీళ్లు సీసాడు పట్టుకొచ్చినాను, ఇందులో పోద్దామని."

"మరి చెప్పలేదేం? ఆ రాత్రి తీసేశానన్నప్పుడైనా చెప్పకూడదా?"

"కావాలని తెలిత్తే ధర పెంచీయడా ఆ ఏజెంటు?" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. ముప్ఫై ఏళ్లు కావలసినదాన్ని కళ్లలోకి రానివ్వకుండా బతికిన మనిషి. నాకు చెప్పడానికి కూడా ఆ మొహానికి చేతకాలేదు.

ఏజెంటు రాసిచ్చిన ప్రకారం వ్యాను మమ్మల్ని విమానాశ్రయం నుంచి తిన్నగా కంపాలాకు చేర్చింది. ఎర్రమట్టి కొండలు, వాటి మీద రేకుల కప్పులు, పచ్చి అరటిగెలల కింద కుంగిపోతున్న సైకిళ్లు. చెత్తకుప్పల మీద మనిషంత పొడుగు కొంగలు బట్టతలలు వంచుకుని, వసూలుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డ ముసలాళ్లలా ఉన్నాయి. మర్నాడంతా ఖాళీయే కదా, అప్పుడు సరస్సుకు వెళ్దామనుకున్నాం. ఎంటెబే గంట ప్రయాణం. మా డ్రైవరు మోజెస్‌ను మధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్లమని అడిగాను. ఒక ధర చెప్పాడు. న్యాయమైన ధరే. నా నోరు దానంతటది సగం అంది. అతను తల అడ్డంగా ఊపాడు. నేను వెనక్కి తిరిగి పది అడుగులు నడిచాను, సాక్చీలో నడిచినట్టు. పదో అడుగు దగ్గర పిలవాలి. పిలవలేదు. ఆరు రోజులు అడవిలో తిరగబోయే మనిషికి పెళ్లాంబిడ్డలతో గడపడానికి ఆ పూట ఒక్కటే ఉంది. నేను వద్దన్నాననుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఇంకో కారు దొరికేసరికి గంటన్నర. అప్పటికి కుండపోత. వందల వ్యాన్లు చిక్కుపడ్డ కూడలిలో రెండు గంటలు కూర్చున్నాక, ఆ డ్రైవరు ముందుకు దారి మునిగిందని చెప్పి బండి వెనక్కి తిప్పాడు.

"పది అడుగులు నడిసినావు గదూ?" అంది అత్త, ఒళ్లో సీసా పట్టుకుని.

"నువ్వు నేర్పిందే కదత్తా."

"నేనే నేర్పినాను. కావలసిన సరుకు కాడ నడవకూడదని సెప్పలేదు. మరిసిపోనాను."

తిరుగు ప్రయాణంలో ఆపిస్తానని, ఈసారి ధర అడగనని మాటిచ్చాను.

అడవిలో ఏనుగులు కనిపించాయి. వ్యానుకు అడ్డంగా నిలబడి చెవులు విసిరాయి. అత్త మర్యాదకు చూసింది. "దాల్మావే నయమేమో," అంది. నాలుగో రోజున జ్వరం వచ్చింది. చివరి రోజు తెల్లవారకముందే బయలుదేరాం. ఆవిడ వెనక సీటులో నా శాలువా కప్పుకుని నిద్రపోయింది. ఎంటెబే చేరాక చెట్ల సందుల్లోంచి బూడిదరంగు నీళ్లు కనిపించాయి. మోజెస్ తనంతట తానే వేగం తగ్గించి, "సరస్సు, మేడమ్. ఐదు నిమిషాలు ఆగనా?" అన్నాడు. డబ్బు మాట ఎత్తలేదు.

వాచీ చూసుకున్నాను. విమానానికి మూడు గంటలుంది. మూడు గంటల ముందే లోపల ఉండాలని టికెట్టు మీద రాసుంది. విమానం తప్పితే కొత్త టికెట్లు ఎంతవుతాయో ఆ క్షణంలోనే నా బుర్ర కూడేసింది. జ్వరంతో ఉన్న మనిషిని లేపడం ఎందుకని పైకి ఒక సాకు కూడా చెప్పుకున్నాను. పోనిమ్మని చెయ్యి ఊపాను.

విమానాశ్రయం గుమ్మంలో ఆవిడ కళ్లు తెరిచింది. "సెరువు దాటిపోనాదేటే?"

"దాటిపోయిందత్తా."

"నిద్దరోయినాను గావాల," అంది తననే తప్పుపట్టుకుంటూ. నేను సరిదిద్దలేదు. ఆ రోజూ దిద్దలేదు, ఆ తర్వాత కాసిడీహ్‌లో ఆవిడ ఇంట్లో, మంచం పక్కన కూర్చున్న ఏ రోజూ దిద్దలేదు. ఆ చలికాలం దాటలేదు ఆవిడ. ఆఖరి వారంలో కూడా, చూడటానికి వచ్చినవాళ్లతో "సెరువు కాడికి ఎల్లి నిద్దరోయిన మొద్దుని" అని తనమీద తనే జోకు వేసుకుంది. అందరూ నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

ఇప్పుడు దుకాణం నేను చూస్తున్నాను. గల్లాపెట్టె వెనక అరలో ఆ సీసా ఉంది, మూత తీయలేదు. తిరిగి సువర్ణరేఖలో పోయడానికి చెయ్యి రాదు. ఎవరైనా పెట్టె కొనడానికి వచ్చి ఒకవైపు చూడకుండా ఉంటే, ఏది కావాలో నేరుగా అడిగేస్తాను. ఇదెక్కడి వ్యాపారమని పక్క కొట్టువాళ్లు నవ్వుతారు.

లెక్క ఇది. మొదటిసారి తెలియక చేశాను, పంతొమ్మిది వేలు మిగిలింది. రెండోసారి మొండికేశాను, ఒక కారు కిరాయిలో సగం మిగలబోయి మిగల్లేదు. మూడోసారి అంతా తెలిసి చేశాను, ఐదు నిమిషాలు మిగిలాయి. ఆ రోజు విమానం గంటన్నర ఆలస్యంగా బయలుదేరింది.