పన్ను తీయించుకోవడానికి కాకినాడ వెళ్లాం

బావమరిది పెళ్లి వారం ఉందనగా నా జ్ఞానదంతం విరిగింది. విరిగి ఊరుకోక వాచింది. పందిట్లో పెద్దల్లుడు చారునీళ్లు తాగి లేచిపోతే కొత్త వియ్యాలవారి ముందు తన పరువేం కావాలని మావగారు బెంగపెట్టుకున్నారు. నన్ను స్వయంగా కాకినాడ తీసుకెళ్లి పన్ను తీయించే పని నెత్తిన వేసుకున్నారు.

తెల్లవారగానే అమలాపురంలో బస్సెక్కాం. యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు. క్లీనరు వెనకాల పొయ్యి రాజేసేసరికి ఎండెక్కింది. ముక్తేశ్వరం దాకా రోడ్డు మీదున్న ప్రతి గొయ్యీ నా దవడకే తగిలింది.

రేవులో పడవ నిండేదాకా కూర్చున్నాం. పక్కనున్న కొబ్బరికాయల వర్తకుడు నా బుగ్గ చూసి, "పై పన్నాండీ, కింద పన్నాండీ?" అని అడిగాడు. కిందదన్నాను.

"అయితే పర్లేదండి. పైది పీకితే చూపు పోద్దంటారు."

ధైర్యం చెప్పాననే అనుకున్నాడు పాపం. మావగారు వక్క పటుక్కున కొరికి, "నాకరవై దాటేయండి, పన్నుపోటంటే ఏవిటో నేనెరగను. అంతా భయవండి," అన్నారు.

కోటిపల్లిలో దిగి ఇంకో బస్సెక్కాం. ఒకప్పుడు ఇక్కణ్నించి కాకినాడకు రైలుండేది. "యుద్ధానికని పట్టాలే పీకేసేరు, మీ పన్నెంతండి అల్లుడుగారూ," అన్నారు మావగారు. ద్రాక్షారామంలో నా తరఫున భీమేశ్వరుడికి ఆయనే దణ్ణం పెట్టి, నా తరఫున రెండు పెసరట్లూ ఆయనే తిన్నారు. నేను పాలు తాగాను.

మధ్యాహ్నానికి కాకినాడ చేరాం. పళ్ల డాక్టరుగారి గదిలో ఉన్నది ఒక్కటే కుర్చీ. ఆయన లోపల చేతులు కడుక్కుంటున్నారు.

"కూర్చోండి అల్లుడుగారూ," అన్నారు మావగారు.

"ఎంతమాటండి. మీరు నిలబడగా నేనా?"

"అల్లుణ్ని నిలబెట్టి నేను కూర్చుంటే నలుగురూ నవ్వుతారండి."

గదిలో ఆ నలుగురూ లేరు. నా మర్యాదలో సగం భయమే గనక గట్టిగా పట్టుబట్టాను. చివరికి మావగారే కూర్చున్నారు. డాక్టరుగారు వస్తూనే ఆయన తల వెనక్కి వంచి, నోరు తెరిపించి, "చివరి పన్ను పూర్తిగా పుచ్చిపోయింది. కదలకండి," అన్నారు.

"పోటు నాకండి," అన్నాను.

"మీ వంతు తరవాత," అని నన్ను గుమ్మం బయటికి పంపారు. మావగారు నా వంక చూశారు గాని లేవలేదు.

కాసేపటికి ఆయన బుగ్గలో దూదితో బయటికొచ్చారు. నా వంతు వచ్చింది. డాక్టరుగారు నా నోట్లోకి చూసి, వాపు తగ్గేదాకా పన్ను ముట్టుకోనన్నారు. పది రోజులాగి రమ్మన్నారు.

తిరుగు పడవలో మావగారు వక్క నోటిదాకా తీసుకెళ్లి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు. తరవాత దూది వెనకనుంచి, "లేస్తే భయపడ్డాననుకుంటారని కూర్చుండిపోయేనండి," అన్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే దవడ గుంజింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద అంత ప్రేమ నాకెప్పుడూ కలగలేదు.

అదే పడవలో పొద్దుటి వర్తకుడు ఖాళీ బస్తాలతో తిరిగొస్తున్నాడు. మా ఇద్దరి బుగ్గలూ మార్చి మార్చి చూసి, "పోటు అల్లుడుగారికి కదండీ?" అన్నాడు.

"మా ఇంట్లో ఏదైనా పెద్దలకే ముందండి," అన్నాను.

"ఆయ్," అన్నాడతను, అది సబబేనన్నట్టు.

ఈ దారిన వెళ్లబోయేవారికి నేను చెప్పేదింతే. గోదావరి మీద గాలి బాగుంటుంది, ద్రాక్షారామంలో పాలు చిక్కగా ఉంటాయి, కుర్చీ దగ్గర మాత్రం మర్యాదలకు పోకండి. వచ్చే వారం వియ్యాలవారి ముందు మావగారూ నేనూ పక్కపక్క విస్తళ్లలో చారన్నం జుర్రుకోవాలి.